ఇరవైయొక్క అంకెల సంఖ్య

1తోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడని, 1కన్న పెద్ద పూర్ణాంకమే ప్రధాన సంఖ్య. అట్టి పెద్ద సంఖ్యలు కొన్నిటిని ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో పేర్కొన్నాడు. అరవైయేడు రెండ్లను గుణించి, లబ్ధంనుండి 1 తీసివేయగా వచ్చే 14,75,73,95,25,89,67,64,12,927 వాటిలో ఒకటి.

ఇది ప్రధాన సంఖ్య కాదని 1876లో ఎడ్వార్ లూకాస్ ఒక పరీక్షతో తేల్చాడు. కాని ఆ పరీక్షలో దాని కారణాంకాలు మాత్రం బయటపడలేదు! మరి 27 ఏండ్లకు, 1903లో, అమెరికా గణితజ్ఞుడు కోల్ వాటిని కనుగొన్నాడు. అవి 19,37,07,721, 7,61,83,82,57,287.

ఈ రెంటిని గుణించి సరిచూడటానికి విద్యార్థికి కాగితం, పెన్సిలు, కొంత ఓపిక చాలు. గుణించడం సులభం, విడదీయడం కష్టం. 1977లో రూపొందిన ఆర్.ఎస్.ఎ. రహస్యలిపికి ఈ భేదమే పునాది.