కచ్చురం నుంచి కారవాన్ దాకా: ప్రయాణపు బండి నాణ్యతా నిర్ణయం – జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల చారిత్రక నేపథ్యం

వ్యాస సంగ్రహం

ప్రయాణానికీ విడిదికీ ఒకేసారి పనికివచ్చే వాహనం నాణ్యతను ఏ ప్రమాణాలతో నిర్ణయించాలి అన్నది పైకి సాంకేతికమైన ప్రశ్న. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వాడుకలో ఉన్న గూడు బండి, కచ్చురం చరిత్రను పరిశీలిస్తే ఆ ప్రశ్నకు సామాజిక పార్శ్వం కూడా ఉందని స్పష్టమవుతుంది. బండి కర్ర, చక్రం, మొగ్గు, గూడు అనే నాలుగు అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. దొరల కచ్చురం సుఖం వెనుక ఉన్న వెట్టిని చర్చిస్తుంది. నేటి కారవాన్ పరీక్షా ప్రమాణాలతో పోల్చి, ‘మంచి బండి’ అన్న తీర్పులో ఏయే అంశాలు లెక్కకు వచ్చాయో, ఏవి రాలేదో నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: కచ్చురం, గూడు బండి, వడ్రంగం, వెట్టి, దౌరా, కారవాన్, నాణ్యతా ప్రమాణాలు.

1. ఉపోద్ఘాతం

‘కారవాన్’ అన్న మాటకు మూలం పారశీకం. కలిసి దారి నడిచే వర్తకుల గుంపు అని దాని మొదటి అర్థం. గోల్కొండకు వచ్చిపోయే వర్తకుల విడిదిగా ఏర్పడిన హైదరాబాదులోని కార్వాన్ పేట ఆ అర్థాన్ని నేటికీ నిలుపుకొంది. తెలుగులో దీనికి సమానమైన మాట ‘బిడారు’. ఎద్దుల మీద ధాన్యమూ ఉప్పూ మోసుకొని దేశాలు తిరిగిన లంబాడీల బిడార్లు దక్కను చరిత్రలో ప్రసిద్ధాలు. అయితే ఇంగ్లండులో ఈ మాట క్రమంగా గుంపును వదిలి వాహనానికి అంటుకుంది. 1885లో స్కాట్లండుకు చెందిన విశ్రాంత నౌకాదళ వైద్యుడు విలియం గోర్డన్ స్టేబుల్స్ ‘వాండరర్’ అనే బండిని బ్రిస్టల్ నగరంలో ప్రత్యేకంగా చేయించుకొన్నాడు. దాదాపు 2 టన్నుల బరువున్న ఆ బండిని రెండు గుర్రాలు లాగేవి. కేవలం విహారం కోసం కట్టించుకొన్న తొలి కారవాన్‌గా దానిని పరిగణిస్తారు.

విహారం కోసం కాకపోయినా, దారిలో తలదాచుకోవడానికి వీలైన బండి తెలుగు నేలకు కొత్త కాదు. పెళ్ళికీ జాతరకూ గూడు బండి, దొరల సవారీకి కచ్చురం, అధికారుల దౌరాకు డేరా సామాను మోసే బండ్లు ఈ ప్రాంతంలో ఒకే కాలంలో నడిచాయి. వాటి మంచిచెడ్డలను ఎవరు, ఎలా నిర్ణయించారన్నది ఇక్కడి విచారణాంశం.

2. పూర్వ ప్రమాణాలు

బండి పరీక్షను రాజ్యవ్యవహారంగా గుర్తించిన గ్రంథం అర్థశాస్త్రం. అందులోని రథాధ్యక్ష ప్రకరణం దేవరథం, పుష్యరథం, సాంగ్రామికం మొదలైన భేదాలతో పాటు ‘పారియాణికం’ అనే ప్రయాణపు రథాన్ని వేరుగా పేర్కొంటుంది. యుద్ధానికి పనికివచ్చే రథం, ఊరేగింపుకు పనికివచ్చే రథం, దారికి పనికివచ్చే రథం ఒకటి కావన్న వివేకం ఆ విభజనలో ఉంది. నాణ్యత అనేది వస్తువులో ఒంటరిగా ఉండే గుణం కాదు. అది ప్రయోజనాన్ని బట్టి నిర్ణయమయ్యేది.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో సంచరించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మరొక ప్రమాణాన్ని అందించాడు. తన చివరి ప్రయాణానికి చేయించుకొన్న సవారీ బండికీ దాని రెండు ఎద్దులకూ కలిపి దాదాపు 600 రూపాయలు అయినట్లు ఆయన రాసుకొన్నాడు. గోల్కొండకు దక్షిణాన చక్రాల బండ్ల వాడకం చాలా అరుదని, ఎద్దుల మీదనే సరుకు సాగేదని కూడా గమనించాడు. ఈ రెండింటినీ కలిపి చదివితే ఒక విషయం బోధపడుతుంది. బండి ధరలో ఎద్దులు విడదీయరాని భాగం. బండి యోగ్యతలో దారి విడదీయరాని భాగం.

3. ప్రాంత నేపథ్యం

జగిత్యాల, సిరిసిల్ల నిజాం పాలనలో మొదట ఎలగందుల, 1905 తరువాత కరీంనగర్ కేంద్రంగా ఉన్న జిల్లాలో భాగాలు. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు క్షేత్రాలు ఈ పరిధిలోనివే. శివరాత్రికి వేములవాడకు, నరసింహస్వామి ఉత్సవాలకు ధర్మపురికి పిల్లాజెల్లలతో, వంటసామానుతో బండ్లు కట్టుకొని వెళ్ళడం ఇక్కడి కుటుంబాలకు ఆనవాయితీ.

కాజీపేట – బల్లార్షా రైలుమార్గం పెద్దపల్లి మీదుగా పోయింది. పడమటి తాలూకాలకు ఆ సౌకర్యం అందలేదు. పెద్దపల్లి – నిజామాబాదు మార్గం జగిత్యాల, కోరుట్లలను కలుపుతూ పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో ఆరంభమైనా, పల్లెకు దారి మాత్రం చాలాకాలం బండి బాటే. అందువల్ల ఈ ప్రాంతంలో బండి నాణ్యత అలంకార విషయం కాదు, నిత్యావసరం.

4. బండిని పరీక్షించే తీరు

మొదటి పరీక్ష కర్రకు. చేవ తీరిన మాను కావాలి; పచ్చికర్రతో కట్టిన బండి ఎండలకు ఎండి కుసులు వదులవుతాయి. దెబ్బలకు ఓర్చే తుమ్మ చక్రానికి, చీలని టేకు పైకట్టుకు, తేలికగా వంగే వెదురు గూడుకు అనుకూలం. ఒకే కర్రతో బండి అంతా కట్టడం వడ్రంగి నేర్పు కాదు. ఏ భాగానికి ఏ కర్ర అన్నదే నేర్పు. బొగ్గు మరకను, రంగు పూతను నమ్మకుండా కుసి బెజ్జంలో ఎంత బిగువుగా కూర్చున్నదో చూడటం అనుభవజ్ఞుల పద్ధతి. పగులును మైనంతోనో రంపపు పొట్టుతోనో పూడ్చి కప్పిపుచ్చడం ఏ కాలంలోనూ కష్టమైన పని కాదు.

రెండవది చక్రం. నడుమ కుండ, దానిలోంచి ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీల చుట్టూ ఇనుప పట్టా. వడ్రంగి పని కమ్మరి పనిని కలిసేది ఇక్కడే. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. చల్లారిన పట్టా ముడుచుకొని పూటీలను, ఆకులను, కుండను ఒక్కటిగా బిగిస్తుంది. మేకు లేకుండా వేడిచేతనే కుదిరే ఈ కూర్పులో కొలత అతి కీలకం. పట్టా వదులైతే చక్రం కదులుతుంది. మరీ బిగువైతే ఆకులు వంగుతాయి. వేసవిలో కర్ర ఎండి పట్టా సడలితే బండిని చెరువు నీళ్ళలో నిలిపి నానబెట్టడం రైతు చేసే చికిత్స. చక్రాన్ని తడితే గణగణమని పలకడం మంచి గుర్తు, బొద్దుగా పలకడం చెడ్డ గుర్తు.

మూడవది మొగ్గు. రెండు చక్రాల బండికి ఇరుసే తులాదండం. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. కొద్దిపాటి ముందు మొగ్గు మాత్రమే శ్రేయస్కరం. దీనిని కొత్త బండిలో ఖాళీగా చూస్తే చాలదు. మనుషులు ఎక్కాక, సామాను సర్దాక, ఎత్తు ఎక్కేటప్పుడు, పల్లం దిగేటప్పుడు చూడాలి. బండిని కట్టినవాడు ఇరుసు స్థానం నిర్ణయించినప్పుడే ఎద్దు మెడ మీది పుండు కూడా సగం నిర్ణయమవుతుందని చెప్పవచ్చు.

నాల్గవది గూడు. వెదురు దబ్బలను వంచి, పైన చాపో తట్టో కప్పి కట్టే గూడు ఎండనూ వాననూ ఆపాలి, గాలిని ఆపకూడదు. గూడు ఎత్తు పెరిగితే లోపల కూర్చోవడం సుఖం, కానీ గుంతలో బండి ఒరుగుతుంది. ఎత్తు తగ్గితే ఒరగదు, కానీ లోపలివాళ్ళ నడుము నిలవదు. సుఖానికీ భద్రతకూ మధ్య ఈ బేరం ప్రతి ప్రయాణపు వాహన రూపకల్పనలోనూ కనిపిస్తుంది.

5. కచ్చురం: సుఖానికి మూల్యం

కచ్చురం సవారీ కోసమే కట్టిన చిన్న బండి. తేలికైన కట్టు, మెత్తని పరుపు, తెరలు, ఎంపికచేసిన పరుగెద్దులు దాని లక్షణాలు. పై నాలుగు పరీక్షల్లోనూ అది సామాన్య రైతు బండి కన్నా మేలైనదిగా నిలుస్తుంది. అయితే ఆ మేలిమికి ఎవరు మూల్యం చెల్లించారన్న ప్రశ్న వేస్తే తీర్పు మారుతుంది.

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో వెట్టి రూపాలను వివరిస్తూ, దొరలు కచ్చురాల్లో ప్రయాణించేటప్పుడు దారి చేయడానికి బండి ముందు, కాపలాగా బండి వెనుక సేవకులు పరుగెత్తవలసి వచ్చేదని నమోదు చేశాడు. వడ్రంగులు, కమ్మరులు దొర వ్యవసాయ పనిముట్లను ప్రతిఫలం లేకుండా సమకూర్చవలసి వచ్చిన వైనాన్నీ పేర్కొన్నాడు. అంటే చక్రానికి పట్టా తొడిగే నేర్పు, ఎద్దుతో సమానంగా పరుగెత్తే కాళ్ళు రెండూ లెక్కలో లేని ఖర్చులే. కచ్చురం వేగంలో కొంత భాగం ఎద్దులది, కొంత భాగం చక్రానిది, కొంత భాగం ముందు పరుగెత్తినవానిది.

అధికారుల దౌరాలోనూ ఇదే స్థితి. తాలూకా అధికారి ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు డేరాలు, వంటపాత్రలు, కాగితాల పెట్టెలు చేరవేయడానికి గ్రామస్థుల బండ్లను పట్టడం వాడుకగా మారింది. దుక్కి అదనులో బండి, ఎద్దులు పోతే రైతుకు కలిగే నష్టం బండి అద్దెతో తీరేది కాదు. ఆ అద్దె కూడా చేతికి అందడం అరుదు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జన సంఘం మొదటినుంచి చేపట్టిన సమస్యల్లో వెట్టి ముఖ్యమైనది. ఆ ఉద్యమ కొనసాగింపుగా నాల్గవ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరగడం ఈ సందర్భంలో గమనార్హం. వెట్టి అంతటితో అంతరించలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు దారితీసిన రైతుకూలీ ఉద్యమంలోనూ వెట్టి రద్దు ప్రధానమైన కోరిక. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

6. కాగితానికెక్కని తీర్పు

కోరుట్ల చేతికాగితానికి పేరుపొందిన ఊరు. పట్వారీల లెక్కపుస్తకాలకు ఆ కాగితం వాడేవారు. భూమి, పంట, శిస్తు ఆ కాగితం మీద చేరాయి. కానీ ఇరుసు ఎక్కడ వేయాలి, పట్టా ఎంత తక్కువ కోయాలి, ఏ తుమ్మ మానులో చేవ ఉంటుంది అన్న జ్ఞానం లెక్కపుస్తకానికి అవసరం లేనిది. అది తండ్రి బాడిస నుంచి కొడుకు బాడిసకు సంక్రమించింది. చరిత్రకారునికి ఇది మౌలికమైన ఇబ్బంది. శిస్తు కట్టినవారి జాడ దొరికినంత సులభంగా బండి కట్టినవారి జాడ దొరకదు. మిగిలిన పాత చక్రాలు, వృత్తిపదాలు, వృద్ధుల జ్ఞాపకాలు ఇక్కడ ఆకరాలవుతాయి. కుసి, పూటీ, కుండ, సీల వంటి మాటలను ఊరూరా సేకరించడం భాషాశాస్త్రానికే కాక శ్రమ చరిత్రకూ అవసరమైన పని.

7. నేటి ప్రమాణాలతో పోలిక

రబ్బరు టైరు బండి రాకతో పట్టా తొడిగే పని తగ్గింది. కమ్మరి కొలిమికి రాబడీ తగ్గింది. బెంగళూరు భారతీయ నిర్వహణ సంస్థకు చెందిన ఎన్.ఎస్. రామస్వామి 1970లలో ఎద్దుబండి ఆధునికీకరణపై జరిపిన అధ్యయనాలు కాడి వల్ల మెడకు కలిగే గాయాలను, బండి సొంత బరువును, ఇనుప పట్టా వల్ల రోడ్లకు కలిగే నష్టాన్ని చర్చకు తెచ్చాయి. పశువు బాధను నాణ్యతా ప్రమాణంగా లెక్కించడం అందులోని విశేషం.

నేడు పాశ్చాత్య దేశాల్లో కొత్త కారవాన్‌ను పరిశీలించేవారు చూసే అంశాలు విచిత్రంగా పాతవే. గోడల అతుకుల్లోంచి చెమ్మ చేరిందా అని తేమకొలమానంతో పరీక్షిస్తారు; లోపలి చెక్క చట్రం కుళ్ళడమే కారవాన్‌కు ప్రధాన శత్రువు. ఇది కర్ర పరీక్షకు కొనసాగింపు. లాగే కారు కొక్కెం మీద పడే బరువు మొత్తం బరువులో సుమారు 5 నుంచి 7 శాతం ఉండాలన్న సూచన ముందు మొగ్గు సూత్రానికి అంకెల రూపం. అది తగ్గితే కారవాన్ వేగంలో తోక ఊపినట్లు ఊగుతుంది. ఖాళీ బరువుకూ అనుమతించిన గరిష్ఠ బరువుకూ మధ్య తేడా చిన్నదైతే, పడకలు ఎన్ని ఉన్నా కుటుంబం సామాను పట్టదు. భారతదేశంలో మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం అమలులో ఉంది.

పోలికకు హద్దు కూడా ఉంది. వడ్రంగి తాను కట్టిన బండి నడిచే ఊళ్ళోనే ఉండేవాడు. చక్రం విరిగితే ఆ విరిగిన చక్రం అతని వాకిట్లోకే వచ్చేది. కర్మాగారపు కారవాన్‌లో చేసినవానికీ వాడేవానికీ మధ్య ఆ ముఖాముఖి లేదు. ఆ లోటును ధ్రువపత్రం, హామీ కాలం భర్తీ చేయాలి. అయితే ఆ ముఖాముఖిని ఆదర్శీకరించడమూ పొరపాటే. దొర వాకిట్లో నిలబడిన వడ్రంగికి జవాబుదారీతనం ఉంది, జవాబు చెప్పే హక్కు లేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ప్రయాణపు వాహనం నాణ్యతను ఖాళీగా నిలిపిన స్థితిలో కాక, బరువుతో, దారిలో, రుతువు మార్పులో పరీక్షించాలన్న సూత్రం ఉత్తర తెలంగాణ బండి వృత్తిలో అంతర్లీనంగా ఉంది. రెండవది, ఆ సూత్రాలకు ఆధునిక ప్రమాణాలు అంకెలు సమకూర్చాయే కాని వాటిని కొత్తగా కనిపెట్టలేదు. మూడవది, కచ్చురం చరిత్రను పరిగణించినప్పుడు, వాహనం లోపల కూర్చున్నవాని సుఖంతో మాత్రమే నాణ్యతను కొలవడం అసంపూర్ణం. కట్టినవాని కూలి, లాగినదాని మెడ, ముందు పరుగెత్తినవాని ఊపిరి కూడా ఆ తీర్పులో చేరాలి. సిరిసిల్ల మహాసభ నుంచి జగిత్యాల జైత్రయాత్ర దాకా ఈ ప్రాంత ప్రజలు వెట్టిని ఎదిరించి పాలకుల ముందుంచిన లెక్క అదే.