మంద్ర తారాల పంపకం
(పాత లౌడ్‌స్పీకర్లలోని క్రాసోవర్ల చరిత్ర, వాటి మరమ్మతు)

1970, 80 దశకాల్లో కొన్న హై-ఫై లౌడ్‌స్పీకర్లు మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. కొన్ని హాల్లో కుండీలకు పీటలుగా పనికొస్తున్నాయి, కొన్ని లాఫ్ట్‌లో దుమ్ము పట్టి ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి తీసి పాట పెడితే, గొంతు ఏదో దుప్పటి చాటునుంచి వస్తున్నట్టుంటుంది. అప్పుడు రెండు సలహాలు వినబడతాయి. పిల్లలు "పారేయండి" అంటారు. హై-ఫై పిచ్చి ఉన్న మిత్రుడు "లోపలి క్రాసోవర్ తీసేసి ఖరీదైన భాగాలు వెయ్యండి, కొత్తవాటిని మించిపోతాయి" అంటాడు. రెండో సలహా మొదటిదానికంటే మంచిదిగా తోస్తుంది. కానీ ఆ సలహా పాటిస్తే పెట్టె మిగిలి, అందులోని ధ్వని పోయే ప్రమాదం ఉంది. ఎందువల్లనో తెలియాలంటే క్రాసోవర్ అనేది ఎలా పుట్టింది, ఏం పని చేస్తుంది అన్నది కొంచెం తెలుసుకోవాలి.

మనిషి చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వినగలదు. మృదంగం ఎడమ మూత మీద పడే గుంభనమైన దెబ్బ ఒక కొసన ఉంటే, తాళాల ఝణత్కారం రెండో కొసకు దగ్గరగా ఉంటుంది. ఈ రెంటినీ ఒకే కాగితపు కోన్‌తో పలికించడం కష్టం. మంద్ర ధ్వనికి చాలా గాలిని కదపాలి కనుక కోన్ పెద్దదిగా ఉండాలి. పెద్ద కోన్‌ను వేగంగా కదిలిస్తే అది ఒక్క ముక్కగా కదలదు, నడుమ భాగం ముందుకు పోతుంటే అంచులు వెనకబడతాయి. అందుకని మంద్రానికి వూఫర్, తారానికి ట్వీటర్ అని పని పంచారు. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్తును ఎవరి వాటా వారికి పంచిపెట్టేదే క్రాసోవర్. అందులో ముఖ్యమైనవి మూడే వస్తువులు. తీగచుట్ట, అంటే కాయిల్, పై కంపనాలను అడ్డగిస్తుంది. కెపాసిటర్ కింది కంపనాలను అడ్డగిస్తుంది. రెసిస్టర్ అన్నిటినీ సమానంగా తగ్గిస్తుంది.

ఈ విద్య పుట్టింది సంగీతం కోసం కాదు, టెలిఫోను కోసం. ఒకే తీగమీద అనేక సంభాషణలు పంపి, అవతలి కొసన వాటిని విడదీయాలంటే కంపనాలను జల్లెడ పట్టే సాధనం కావలసి వచ్చింది. అమెరికాలో టెలిఫోను కంపెనీ ఇంజనీరు జార్జ్ కాంప్‌బెల్ 1910లలో కాయిళ్ళు, కెపాసిటర్లతో అటువంటి ఫిల్టర్లు తయారుచేశాడు. జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ స్వతంత్రంగా అదే దారిలో నడిచాడు. ఈనాడు మనం ఎరిగిన మూవింగ్ కాయిల్ లౌడ్‌స్పీకర్‌కు రూపం ఇచ్చిన రైస్, కెల్లాగ్‌ల పత్రం 1925లో వచ్చింది. ఈ రెండు విద్యలూ కలవడానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తమ ఊళ్ళో వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని బెల్ ప్రయోగశాల వారు టెలిఫోను తీగల మీద వాషింగ్టన్ లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపి వినిపించారు. అక్కడి లౌడ్‌స్పీకర్లలో మంద్రానికి వేరు, తారానికి వేరు హారన్లు, నడుమ పంపకం చేసే ఫిల్టర్ ఉన్నాయి. తరవాత అదే పద్ధతి సినిమా హాళ్ళకు పాకింది.

ఇళ్ళల్లోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక గాని పై కంపనాలను శుభ్రంగా వినవలసిన అవసరం సామాన్య శ్రోతకు కలగలేదు. 1958లో స్టీరియో రికార్డులు వచ్చేసరికి మరో నియమం చేరింది. రెండు పెట్టెలూ కవలపిల్లల్లా ఉండాలి. ఎడమ పెట్టె పంపకం ఒకలా, కుడి పెట్టె పంపకం ఒకలా ఉంటే గాయకుడు నడుమ నిలబడడు, పక్కకు జరుగుతాడు. పాత పెట్టెలను బాగుచేసేవారు మొట్టమొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

క్రాసోవర్ కేవలం పంపకమే కాదు, దిద్దుబాటు కూడా అన్నదానికి మంచి ఉదాహరణ బి.బి.సి. వారి ఎల్‌ఎస్ 3/5ఎ. సుమారు 12 అంగుళాల ఎత్తు, ఏడున్నర అంగుళాల వెడల్పు ఉన్న చిన్న పెట్టె అది. దాని పుట్టుక విచిత్రమైనది. కింగ్స్‌వుడ్ వారెన్ లోని బి.బి.సి. పరిశోధనశాలలో స్టూడియోలకు ఎనిమిదో వంతు కొలతల్లో బొమ్మ గదులు కట్టి, వాటిలో ఎనిమిది రెట్లు హెచ్చు కంపనాల ధ్వనిని పలికించి పరీక్షలు చేసేవారు. ఆ పరీక్షలకోసం చేసిన చిన్న లౌడ్‌స్పీకర్ మామూలు ధ్వనికి కూడా బాగా పనికొస్తుందని తోచింది. బయట ప్రసారాలకు వెళ్ళే వ్యాన్లలో పెద్ద పెట్టెలకు చోటుండదు గనుక దాన్ని అందుకోసం తీర్చిదిద్దారు. పేరులోని మొదటి 3 బయట ప్రసారాల సరంజామాకు గుర్తు. కెఫ్ సంస్థవారి బి110 వూఫర్, టి27 ట్వీటర్ ఇందులో వాడారు. వూఫర్ తయారీలో మార్పు రావడంతో మొదటి నమూనాను సవరించవలసి వచ్చి, 1970ల నడుమ "ఎ" చేరింది. దాని రూపకల్పనను వివరిస్తూ హార్వుడ్, వాటన్, మిల్స్ అనే ముగ్గురు ఇంజనీర్లు రాసిన నివేదికను బి.బి.సి. 1976లో ప్రచురించింది. రోజర్స్ మొదలైన సంస్థలు లైసెన్సు మీద తయారుచేసి లోకమంతా అమ్మాయి.

ఆ పెట్టెలోని ఫిల్టర్‌కు ఎఫ్‌ఎల్ 6/23 అని పేరు. పెట్టె చిన్నదే గాని ఫిల్టర్ పెద్దది. బి110 వూఫర్ కోన్ బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. వెయ్యి కంపనాలు దాటిన చోట అది కొంచెం గట్టిగా పలుకుతుంది. ఆ గుట్టను చదును చేసే దిద్దుబాటు ఫిల్టర్‌లోనే ఉంది. ఏ రెండు ట్వీటర్లూ అచ్చంగా ఒకే మోతాదులో పలకవు కనుక, దేనికి తగ్గట్టు దాన్ని సర్దడానికి అనేక కొసలున్న ఆటోట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. అంటే ఆ పలక ఫలానా పెట్టెలోని ఫలానా ట్వీటర్‌కు కొలిచి కుట్టిన చొక్కా వంటిది. దాన్ని తీసి ఇంకో పెట్టెలో వేస్తే సరిపోతుందన్న నమ్మకం లేదు.

1980ల నడుమకు వచ్చేసరికి వూఫర్ల గుణం మెల్లగా మారిపోయిందని గ్రహించి, ఆ దశకం చివర ఫిల్టర్‌ను పూర్తిగా కొత్తగా గీశారు. 15 ఓముల పెట్టె 11 ఓముల పెట్టె అయింది. వూఫర్ మారితే పంపకం మారాలన్నది అప్పటి ఇంజనీర్లు పాటించిన ధర్మం. 2010లలో ఫాల్కన్ అనే సంస్థ పాత 15 ఓముల పెట్టెను మళ్ళీ తయారుచెయ్యడానికి పూనుకున్నప్పుడు కూడా ఫిల్టర్ ఒక్కటే చేసి ఊరుకోలేదు, పాత వూఫర్, ట్వీటర్ల గుణాన్ని తిరిగి పుట్టించవలసి వచ్చింది.

ఇప్పుడు వయసు సంగతి. క్రాసోవర్‌లో కాయిల్‌కు వయసు రాదు, రాగి తీగ రాగి తీగే. రెసిస్టర్ కాలిపోతే తప్ప చెడదు. ముసలితనం వచ్చేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు. అల్యూమినియం రేకుల నడుమ ద్రావకంతో తడిపిన కాగితం పెట్టి చుట్టిన చుట్ట అది. చౌక, చోటు తక్కువ పడుతుంది, అందుకని ఆనాటి తయారీదార్లు ధారాళంగా వాడారు. నలభై ఏళ్ళలో ఆ తడి ఆరుతుంది. విలువ మారుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఎడమ పెట్టెలో ఒక తీరుగా, కుడి పెట్టెలో ఇంకో తీరుగా మారడం మామూలే.

దాని ఫలితం చిన్న లెక్కతో చూడవచ్చు. 8 ఓముల ట్వీటర్‌కు 6.6 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే వరుసలో పెడితే సరిహద్దు 3,000 కంపనాల దగ్గర పడుతుంది. కెపాసిటర్ విలువ ఐదో వంతు తగ్గితే సరిహద్దు 3,750కి జరుగుతుంది. వూఫర్ తన ఎల్లలోనే ఆగుతుంది, ట్వీటర్ ఆలస్యంగా అందుకుంటుంది, నడుమ పల్లం పడుతుంది. ఆ పల్లం పడే చోటు మనకు చాలా ముఖ్యమైన చోటు. మన శ, ష, స లను వేరు చేసేది నోటినుంచి వచ్చే గాలి శబ్దం. "స" లో అది 5,000 కంపనాలకు పైన ఎక్కువగా ఉంటుంది, "శ", "ష" లలో 3,000 చుట్టుపక్కలకు దిగుతుంది. ఘంటసాల గారి భగవద్గీత రికార్డు పెట్టినప్పుడు శ్లోకంలోని ఈ మూడు అక్షరాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయంటే, తప్పు చెవిదో రికార్డుదో అనుకునే ముందు క్రాసోవర్‌ను అనుమానించడం మంచిది.

కాబట్టి పాత ఎలక్ట్రోలిటిక్‌లను మార్చవలసిందే. ప్రశ్న దేనితో మార్చాలన్నది. ఇక్కడే ఖరీదైన ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్ల ఆకర్షణ మొదలవుతుంది. అవి ఎండిపోవు, చాలాకాలం మన్నుతాయి, నిజమే. కాని పాత రకానికి కొత్తగా ఉన్నప్పుడు కూడా కొంత లోపలి నిరోధం ఉండేది, ఫిల్మ్ రకానికి అది దాదాపు సున్న. పెట్టె తయారుచేసిన ఇంజనీరు విని, కొలిచి సరిచూసింది ఆ నిరోధంతో కలిపే. 8 ఓముల ట్వీటర్ ముందునుంచి అర ఓము తీసేస్తే పైస్థాయి అంతా సుమారు అర డెసిబెల్ పెరుగుతుంది. అర డెసిబెల్ ఎంత అంటారా? 1973లో మొదలైన తన రిఫరెన్స్ శ్రేణిలో కెఫ్ సంస్థ ప్రతి పెట్టెనూ ప్రయోగశాల నమూనాకు అర డెసిబెల్ లోపు సరిపోల్చేది. ఫ్యాక్టరీవారు అనుమతించిన తేడా మొత్తాన్ని మనం ఒక్క కెపాసిటర్‌తో ఖర్చుపెట్టినట్టు. మెరుగైందనుకున్నది చాలాసార్లు కొంచెం గట్టిగా పలకడమే. మొదటి రోజు కొత్తగా, స్పష్టంగా అనిపించి, నెల తిరిగేసరికి చెవికి అలసట తెస్తుంది. లావు తీగ కాయిళ్ళు వేసినా ఇదే చిక్కు. పాత కాయిల్ నిరోధం కూడా మంద్రస్థాయి లెక్కలో భాగమే.

సొంతంగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే సభ్యులకు ఈ నాలుగు మాటలు చాలు. ముందుగా పలకను ఫోటో తీసి, ట్వీటర్ తీగలు ఎటు కలిపి ఉన్నాయో రాసుకోండి. కొన్ని నమూనాల్లో కావాలనే తలకిందులుగా కలుపుతారు, "సరిచెయ్య"వద్దు. కెపాసిటర్‌ను కనీసం ఒక కొసన విడదీసి కొలవండి. ఒక్క పెట్టెనే బాగుచేసి, ఇంకోదానితో పోల్చి విని, ఆ తరవాత రెండోది చెయ్యండి. అదే విలువగల కొత్త నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్ వేస్తే పాత లెక్క చాలావరకు నిలుస్తుంది. ఫిల్మ్ రకమే వెయ్యాలనుకుంటే వరుసలో చిన్న రెసిస్టర్ కలపండి. రెండు పెట్టెల్లోనూ ఒకే రకం, ఒకే విలువ ఉండాలి. కాయిళ్ళను ఉన్నచోటే, ఉన్న దిక్కులోనే ఉంచండి. పక్కపక్కన ఒకే ముఖంగా పెడితే ఒకదాని అయస్కాంత ప్రభావం ఇంకోదానిమీద పడుతుంది.

పాత పెట్టెను పూజించమని నా వాదన కాదు. ఎండిపోయిన కెపాసిటర్‌ను అలాగే ఉంచడం కూడా ఆ ఇంజనీరు పనికి అన్యాయమే. ఆయన వినిపించదలచిన గొంతును తిరిగి తేవడం మరమ్మతు. ఆ గొంతు స్థానంలో మన అభిరుచిని పెట్టడం వేరే పని. అది చెయ్యకూడదని కాదు, చేస్తే తెలిసి చెయ్యాలి, వెనక్కి రావడానికి దారి ఉంచుకుని చెయ్యాలి. తీసిన భాగాలన్నిటినీ ఒక కవరులో వేసి, తేదీ, విలువలు రాసి పెట్టె అడుగున అంటించండి. రేపు ఆ పెట్టెలను అందుకునే మీ అబ్బాయో అమ్మాయో దాన్ని విప్పినప్పుడు, ఏది మొదటిదో ఏది మీరు వేసినదో తెలుసుకోగలుగుతారు.