ఆంఫియాక్సస్

ఆంఫియాక్సస్ లోతు తక్కువ సముద్రపు ఇసుకలో నివసించే ఒక చిన్న జంతువు. దీనినే లాన్స్‌లెట్ అని కూడా అంటారు. చూడడానికి చిన్న చేపపిల్లవలె ఉన్నప్పటికీ ఇది చేప కాదు. దీనికి పుర్రె, దవడలు, ఎముకలు, జత వాజాలు లేవు. ఇది కార్డేటా వర్గంలోని సెఫలోకార్డేటా ఉపవర్గానికి చెందినది. ఇప్పటివరకు సుమారు 30 జాతులను గుర్తించారు. ఇవి బ్రాంకియోస్టోమా, ఎపిగోనిక్తిస్, అసిమెట్రాన్ అనే మూడు ప్రజాతులలో ఉన్నాయి. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రం చదివే విద్యార్థులందరికీ ఈ పేరు సుపరిచితమే.

పేరు

1774లో జర్మన్ శాస్త్రవేత్త పీటర్ సైమన్ పల్లాస్, ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరం నుండి వచ్చిన ఒక నమూనాను చూసి దీనిని గుల్లలేని నత్తగా వర్ణించాడు. 1834లో ఇటలీకి చెందిన కోస్టా దీనికి బ్రాంకియోస్టోమా అని పేరు పెట్టాడు. ఈ మాటకు 'మొప్పనోరు' అని అర్థం. నోటి చుట్టూ ఉన్న నూలుపోగులవంటి భాగాలను ఆయన మొప్పలని భావించాడు. 1836లో యారెల్ పెట్టిన ఆంఫియాక్సస్ అనే పేరుకు 'రెండు కొనలూ మొనదేలినది' అని అర్థం. ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యమనే నియమం వల్ల శాస్త్రీయ నామంగా బ్రాంకియోస్టోమా నిలిచింది. అర్థం సరిపోయే పేరు మాత్రం వాడుకలో మిగిలింది.

ఆవాసం

ఉష్ణ, సమశీతోష్ణ మండలాల తీరప్రాంతాలలో ఇవి విస్తరించి ఉన్నాయి. అయితే అన్ని రకాల ఇసుకా వీటికి పనికిరాదు. బురద, ఒండ్రు కలవని ముతక ఇసుక కావాలి. రేణువుల మధ్య ఖాళీలగుండా నీరు పారుతూ ఉంటేనే వీటికి శ్వాస, ఆహారం రెండూ అందుతాయి. సన్నని బురద చేరి ఆ ఖాళీలు పూడుకుపోతే ఇవి అక్కడ బ్రతకలేవు. సాధారణంగా శరీరాన్ని ఇసుకలో పాతుకొని, ముందుకొనను మాత్రం బయట ఉంచుతాయి. బాగా ముతక ఇసుకలోనైతే పూర్తిగా మునిగి ఉంటాయి. కదిలిస్తే చటుక్కున బయటికి వచ్చి, కొద్దిదూరం ఈది, మళ్ళీ ఇసుకలోకి దూరుతాయి.

ఈ అలవాటుకు ఒక వింత మినహాయింపు ఉంది. అసిమెట్రాన్ ఇన్‌ఫెరమ్ అనే జాతిని జపాన్ దగ్గర 229 మీటర్ల లోతున, కుళ్ళుతున్న తిమింగలపు కళేబరం వద్ద కనుగొని 2004లో వర్ణించారు.

శరీర నిర్మాణం

పొడవు సాధారణంగా 5 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. శరీరం పారభాసకంగా ఉండడంవల్ల ఇరుపక్కల వరుసగా అమరిన, ఆంగ్లపు 'వి' ఆకారపు కండర ఖండాలు పైనుంచే కనిపిస్తాయి. వీటి నడుమ పృష్ఠవంశం శరీరం ఈ చివరినుండి ఆ చివరివరకు ఉంటుంది. అది నాడీదండాన్ని దాటి ముందుకొన వరకు సాగడంవల్లనే సెఫలోకార్డేటా, అనగా 'తలలో పృష్ఠవంశం గలవి', అనే పేరు వచ్చింది. కండరాలు సంకోచించినప్పుడు శరీరం కురచబడకుండా పక్కకు వంగేటట్లు చేసేది ఈ పృష్ఠవంశమే. ఈదడానికీ, ఇసుకను తొలుచుకుపోవడానికీ ఇదే ఆధారం.

ప్రత్యేకమైన గుండె లేదు. సంకోచించే రక్తనాళాలే ఆ పని చేస్తాయి. రక్తానికి రంగు ఉండదు. నిజమైన కళ్ళు లేకపోయినా, నాడీదండం వెంబడి కాంతిని గ్రహించే చిన్న చిన్న కణాలు ఉన్నాయి.

ఆహార సేకరణ

ఆంఫియాక్సస్ నీటిని వడపోసి ఆహారాన్ని తీసుకుంటుంది. నోటిచుట్టూ ఉన్న పోగులు ఇసుక రేణువులను లోపలికి రానివ్వవు. శైలికల కదలికవల్ల నీరు గ్రసనిలోకి వచ్చి, అనేక మొప్ప చీలికలగుండా ఏట్రియం అనే గదిలోకి చేరి, అక్కడినుండి ఒక రంధ్రం ద్వారా బయటికి పోతుంది. గ్రసని అడుగున ఉన్న ఎండోస్టైల్ స్రవించే జిగురుపొరలో సూక్ష్మజీవులు చిక్కుకొని ఆహారనాళంలోకి పోతాయి. ఎండోస్టైల్‌కు అయోడిన్‌ను గ్రహించే గుణం ఉంది. కాబట్టి మన మెడలోని అవటు గ్రంథికి ఇది పూర్వరూపమని భావిస్తారు.

ప్రత్యుత్పత్తి

ఇవి ఏకలింగ జీవులు. బీజకణాలను సూర్యాస్తమయం తరువాత నీటిలోకి విడుదల చేస్తాయి. ఫలదీకరణ బాహ్యంగా జరుగుతుంది. డింభకం ప్లవకాలతో కలిసి తేలుతూ పెరుగుతుంది. దాని నోరు ఎడమపక్కన, మొదటి మొప్ప చీలికలు కుడిపక్కన ఉంటాయి. రూపవిక్రియలో ఇవి సర్దుకున్న తరువాత అది ఇసుకలోకి దిగుతుంది.

పరిణామంలో స్థానం

1867లో రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ దీని పిండాభివృద్ధిని వివరించి, అది సకశేరుకాల పద్ధతిని పోలి ఉందని చూపాడు. అప్పటినుండి ఇది సకశేరుకాల పుట్టుకను వివరించే చర్చలన్నింటిలోనూ ఉంది. 1994లో దీనిలో హాక్స్ జన్యువుల సముదాయం ఒక్కటే ఉన్నట్లు తేలింది. మానవునిలో అటువంటివి నాలుగు ఉన్నాయి. 2008లో బ్రాంకియోస్టోమా ఫ్లోరిడే జాతి జీనోమ్ వెలువడింది. సకశేరుకాల వంశంలో జీనోమ్ మొత్తం రెండు దఫాలు రెట్టింపయిందన్న వాదానికి అది బలం చేకూర్చింది.

ఆంఫియాక్సస్ మన పూర్వీకుడు అని కొన్ని చోట్ల వ్రాస్తుంటారు. అది సరికాదు. ఇది నేడు జీవిస్తున్న ఒక దూరపు బంధువు మాత్రమే. అంతేకాక, సకశేరుకాలకు అతి దగ్గరి బంధువులు ట్యూనికేట్లేనని 2006 నుండి జరిగిన జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. అయినా పాత లక్షణాలను ట్యూనికేట్ల కంటే ఆంఫియాక్సస్ ఎక్కువగా నిలుపుకుంది.

జియామెన్ వేట

చైనాలోని జియామెన్ వద్ద దీనిని ఆహారంగా వాడేవారు. అక్కడ దీనికి 'వెన్‌చాంగ్ చేప' అని పేరు. వెన్‌చాంగ్ చైనీయుల విద్యాదేవత. లియువుదియన్ గ్రామస్తులు పడవలలోనుండి ఇసుకను తోడి, జల్లించి వీటిని పట్టేవారు. ప్రపంచంలోని ఇతర ప్రయోగశాలలు ఒక్కొక్క నమూనా కోసం వెతుక్కునే రోజులలో ఇక్కడ అవి కుప్పలుగా దొరకడాన్ని చూసి, ఎస్. ఎఫ్. లైట్ 1923లో 'సైన్స్' పత్రికలో ఆ వేట గురించి వ్రాశాడు.

1950లలో జియామెన్ ద్వీపాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతూ కట్ట నిర్మించారు. దానితో నీటి ప్రవాహం మందగించి, ఇసుకమీద బురద పేరుకుంది. వేటకు ఆధారమైన ఆవాసమే పోవడంతో ఆ వృత్తి కూడా అంతరించింది. ప్రస్తుతం చైనాలో ఇది రెండవ తరగతి రక్షిత జీవి. జియామెన్ సమీప జలాలలో దీనికోసం రక్షిత ప్రాంతం ఉంది. చాలాకాలం ఒకే జాతిగా లెక్కించిన అక్కడి ఆంఫియాక్సస్‌లు నిజానికి బెల్చెరి, జపానికం అనే రెండు జాతులని తరువాత తేలింది.