కొండలకు, కడలికి నడుమ భీమునిపట్టణము

తూర్పుతీరమున కొండలు సముద్రమునకు మిక్కిలి చేరువగా వచ్చి నిలిచిన తావులలో భీమునిపట్టణ మొకటి. విశాఖపట్టణమునకు ఈశాన్యముగా, గోస్తనీనది సముద్రమున కలియు చోట ఈ చిన్న పట్టణము వెలసినది. జనులు దీనిని భీమిలి యందురు. ముందు ఇసుకతిన్నెలు, అలలు, వెనుక గుట్టలు, వానికి వాయవ్యముగా దూరమున అనంతగిరి, అరకు కొండల అడవులు. సెలవుదినములలో వచ్చువారు సముద్రస్నానము చేసి సాయంకాలమునకు తిరిగిపోవుదురు. కాని ఈ యూరి చరిత్ర ఒడ్డున నిలిచినంత మాత్రమున తెలియదు. ఏటి వెంట ఎగువకు పోయి చూడవలెను.

గోస్తని అనంతగిరి కొండలలో పుట్టినది. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న బొఱ్ఱా గుహలు ఈ నది సున్నపురాతిని యుగముల తరబడి కరగించుట వలన ఏర్పడినవే. ఆ కొండలపై వానలు మెండు. మన్యపుటడవులలో గిరిజనులు ఏరి తెచ్చిన కరక్కాయలు సంతలకు దిగును. పూర్వము అచటినుండి బండ్లపై రేవునకు చేరెడివి. మైదానమున పండిన నువ్వులు, గోగునార దారిలో తోడయ్యెడివి. కొండ ఇచ్చినదానిని కడలి కందించుటయే భీమిలి చేసిన పని. ఊరి యేర్పాటంతయు ఈ యొక్క పని చుట్టును అల్లుకొన్నది.

ఈ బాట మిక్కిలి పురాతనమైనది. ఊరిని ఆనుకొని యున్న పావురాలకొండపై బౌద్ధభిక్షువులు నివసించిన విహారముల శిథిలములు కలవు. వాననీరు నిలువ చేయుటకు వారు రాతిలో తొలిచిన తొట్లు నేటికిని కనబడును. విశాఖవైపు పోవునపుడు తగులు తొట్లకొండకు అట్టి తొట్లవలననే ఆ పేరు వచ్చినది. అచట త్రవ్వకములలో శాతవాహనుల సీసపు నాణెములతో బాటు రోమకుల వెండి నాణెములును దొరకినవి. సన్న్యసించినవారి కొండపై పరదేశపు నాణెము లేల యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. భిక్షువులకు దానము లిచ్చినవారిలో ఓడవర్తకు లుండిరనుట దానికి తగిన సమాధానము.

పదునేడవ శతాబ్దమున డచ్చివారు వచ్చిరి. తెలుగువారు వారిని ఒలాందావా రనిరి. ఈ తీరమున నేసిన వస్త్రములను కొని, తూర్పుదీవులకు కొనిపోయి, లవంగములకు, జాజికాయలకు మారకము చేయుట వారి వర్తకపు మర్మము. యూరపులో ఆంగ్లేయులతో వారికి యుద్ధము వచ్చినప్పుడెల్ల కోరమండల తీరపు డచ్చి స్థావరములు చేతులు మారుచుండెడివి. 1781లో పోయి మరల వచ్చినవి. 1795లో పోయి 1818లో వచ్చినవి. తుదకు 1824 నాటి లండను ఒడంబడిక ననుసరించి 1825లో ఆంగ్లేయుల పరమైనవి. ఆ వర్తకుల గుర్తుగా నేడు భీమిలిలో మిగిలినవి ముఖ్యముగా సమాధులు. నెలల కొలది ప్రయాణము చేసి వచ్చి, ఈ యుప్పుగాలిలో కన్నుమూసినవారి పేర్లు ఆ రాళ్ళపై అరిగిపోవుచున్నవి.

పందొమ్మిదవ శతాబ్దమున ఊరు మరల కళకళలాడెను. గోంగూర యని మనము ఆకును వండుకొను గోగుమొక్క కాండమునుండి తీసిన నారకు ప్రపంచపు విపణిలో బిమ్లీ జూట్ అని ఈ యూరి పేరే స్థిరపడినది. కరక్కాయలు తోళ్ళు పదును చేయుటకై విదేశములకు పోయెడివి. ఓడలు ఒడ్డునకు రాజాలక దూరమున లంగరు వేయగా, పడవవారు అలలను దాటి సరకు చేర్చెడివారు.

ఈ కళ కడలి కోపమువలన తగ్గలేదు. మార్గము మారుటవలన తగ్గినది. 1890ల నాటి రైలుమార్గము భీమిలికి రాక, లోపలగా విజయనగరముమీదుగా వాల్తేరునకు పోయినది. 1933లో విశాఖ ఓడరేవు తెరచిన పిదప పెద్ద ఓడలకు గట్టునకే చేరు వసతి కలిగెను. 1960లలో కొత్తవలసనుండి కిరండూలునకు వేసిన రైలుమార్గము బొఱ్ఱా చెంతనే పోవును. కాని అది బైలదిల్లా ఇనుపరాయిని విశాఖకే చేర్చును. కొండల సంపద నేటికిని సముద్రమునకు దిగుచునే యున్నది. భీమిలి మాత్రము ఆ దారిలో లేదు. గోస్తని యొడ్డున చిట్టివలస జనుపమిల్లు 2009లో మూతపడుటతో నారపనికి మిగిలిన పెద్ద ఆధారమును పోయినది.

మేము నివసించునది హైదరాబాదు నందలి కొత్తగూడ. అచట రాతిగుట్టలను పగులగొట్టి, గాజుమేడలు కట్టి, ప్రపంచమంతటి వర్తకమును ఒకచోట నిలిపినారు. ఆ వర్తకమునకు ఓడ అక్కరలేదు, రేవు అక్కరలేదు. కనుకనే అది మరింత తేలికగా దారి మార్చుకొనగలదు. వర్తకము పోయిన తరువాత ఊరికి మిగులునది, అది నేలను ఎట్లుంచినదో అదియే.

భీమిలికి మిగిలిన నేలలో అపూర్వమైనది ఎఱ్ఱమట్టి దిబ్బలు. గడచిన హిమయుగమున సముద్రము నేటికంటె నూరు మీటర్లకు పైగా దిగువన ఉండెను. కొండవాగులు తెచ్చిన ఇసుకను, బయలుపడిన తీరపు ఇసుకను గాలి ప్రోవుచేయగా, అందలి ఇనుము తుప్పుపట్టి దిబ్బలు ఎఱ్ఱబడినవి. 2014లో ఇవి జాతీయ భూవారసత్వ ప్రదేశముగా ప్రకటింపబడినవి. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. కొండయు, కడలియు కలిసి వ్రాసిన ఈ చరిత్రలో మనుష్యుని చేయి లేదు. చెఱుపుటకు మాత్రము ఒక యంత్రము, ఒక దినము చాలును.

రేవు మరల కట్టవచ్చును. మిల్లు మరల తెరవవచ్చును. ఆ దిబ్బ చదునైనచో మరల పోయువారు లేరు. కావున భీమిలికి పోవు శ్రోతలు సముద్రమును చూచిన పిమ్మట ఒకమారు వెనుకకు తిరిగి, కొండలవైపునకును చూడవలెనని మా మనవి.