కరెంటు తీగ, గాలి, గాజు పోగు

వైరాలో కొత్తగా మేడ కట్టుకొన్న ఒక గృహస్థుని సంగతి తీసుకొందాం. వీధి స్తంభం మీదుగా వచ్చిన గాజు పోగు ముందు గదిలోని చిన్న పెట్టె దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఇంటర్నెట్టు చక్కగానే అందుతుంది. మేడమీది వెనుక గదిలో మాత్రం పిల్లవాని పాఠం మాటిమాటికి నిలిచిపోతుంది. దుకాణదారు మూడు ఉపాయాలు చెబుతాడు: గోడల వెంట ప్రత్యేకంగా తీగ వేయించడం, మరొక వైఫై పెట్టె కొనడం, లేదా ఇంట్లోని కరెంటు తీగలతోనే పని జరిపించే అడాప్టర్లను రెండు ప్లగ్గులకు తగిలించడం. మూడవది వినడానికి ఇంపుగా ఉంటుంది. కరెంటు తీగ ఎట్లాగూ ప్రతి గదిలోను ఉన్నది కదా! ఈ ఆశ నేటిది కాదు. దీనికి నూరేండ్లు నిండాయి.

1910లో అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగానికి చెందిన జార్జి ఓవెన్ స్క్వయరు ఒకే టెలిఫోను తీగ మీద, అధిక పౌనఃపున్యం గల వాహక తరంగాల సాయంతో, ఒకటికంటె ఎక్కువ సంభాషణలను పంపి చూపించాడు. తరువాత కరెంటు తీగల మీదనే ఇండ్లకు సంగీతం పంపాలన్న సంకల్పంతో 1922లో ఒక కంపెనీ వెలసింది. ఇందులో వింత ఏమీ లేదు. వైరా చెరువులో పెద్ద అల మెల్లగా కదులుతూ ఉంటే, దాని వీపు మీదనే గాలికి లేచిన చిరు అలలు వేగంగా పరుగెత్తుతాయి. మన కరెంటు సెకండుకు 50 సార్లు ఊగే పెద్ద అల. వార్తను మోసేది సెకండుకు లక్షల సార్లు ఊగే చిరు అల. చివర ఒక కండెన్సరును తగిన విధంగా కలిపితే అది పెద్ద అలను అడ్డగించి చిరు అలను పోనిస్తుంది. సూత్రం సరియైనదే. కాని గాలిలో వచ్చే రేడియో ఇంటింటా పాటలు వినిపించసాగింది. కంపెనీ కరెంటు తీగలను వదలి టెలిఫోను తీగలను ఆశ్రయించింది. 1934 నుంచి మ్యూజాక్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది.

ఆ సూత్రాన్ని విడువకుండా పట్టుకొన్నవారు విద్యుచ్ఛక్తి శాఖలవారు. సబ్‌స్టేషన్ల మధ్య మాటలు, రక్షణ సంకేతాలు హైటెన్షన్ తీగల మీదనే దశాబ్దాల పాటు నడిచాయి. పెద్ద సబ్‌స్టేషన్‌లో తీగ వచ్చి చేరే చోట పీపా ఆకారంలో ఒక పెద్ద చుట్ట కనిపిస్తే, ఉపాధ్యాయులు దానిని కంచె బయటినుంచే విద్యార్థులకు చూపించవచ్చు. దానిపేరు వేవ్ ట్రాప్. అది 50 సార్ల కరెంటును పోనిచ్చి, వార్తా తరంగాన్ని లోపలి యంత్రాల వైపు పోకుండా ఆపుతుంది.

మరి ఇంట్లో ఇబ్బంది ఎక్కడ వచ్చింది? హైటెన్షన్ తీగ తిన్నని బాట వంటిది. ఇంటి కరెంటు తీగ అంగడి వీధి వంటిది. మిక్సీ తిరిగితే రవ్వలు, ఫ్యాను రెగ్యులేటరు, సెల్‌ఫోను చార్జరు, ఇవన్నీ ఆ తీగలోనికే సందడి చిమ్ముతాయి. మూడు ఫేజుల ఇంటిలో ఒక గది ఒక ఫేజు మీద, మరొక గది వేరొక ఫేజు మీద ఉంటే చిరు అల బలహీనపడిపోతుంది. మధ్యలో ఇన్వర్టరు ఉంటే చిక్కు మరింత పెరుగుతుంది. పైగా పెనవేయని తీగ ఏరియల్ వలె తరంగాలను బయటికి విరజిమ్ముతుంది. ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతంలో కరెంటు తీగలతో ఇంటర్నెట్టు అందిస్తామని 1997లో ప్రకటించిన నార్‌వెబ్ సంస్థ 1999లోనే ఆ పని మానుకొన్నది. ఇంటి లోపలికి మాత్రమే పరిమితమైన అడాప్టర్లు 2001లో హోమ్‌ప్లగ్ అన్న ప్రమాణంతో వచ్చాయి. పెట్టె మీద సెకండుకు 1 కోటి 40 లక్షల బిట్లని ఉండేది. ఇంట్లో అందేది అందులో కొంత భాగమే.

కరెంటు రొదకు విరుగుడు మాత్రం అంతకు చాల ముందే దొరికింది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లో జంట తీగలను ఒకదానితో ఒకటి పెనవేసే పద్ధతికి పేటెంటు పొందాడు. రెండు తీగలను మెలిపెడితే బయటి రొద రెండింటి మీద సమానంగా పడుతుంది. వాటి భేదాన్ని మాత్రమే తీసుకొంటే రొద కొట్టుకుపోతుంది. నేటి ఈథర్నెట్ తీగలో ఇటువంటి జంటలు నాలుగు ఉంటాయి. 100 మీటర్ల వరకు అది నిబ్బరంగా పనిచేస్తుంది.

గాలి దారిని ఎన్నుకొన్నవారికీ కారణం ఉన్నది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంవారు అలోహా వలయాన్ని రేడియోతో నడిపారు; దీవుల నడుమ సముద్రం ఉన్నది మరి. వైఫై ప్రమాణం 1997లో వచ్చింది. మనదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి లభించింది. ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇటుక గోడను కొంతవరకు దాటుతుంది. ఇనుప చువ్వలు నిండిన స్లాబు దానిని చాలావరకు మింగుతుంది. వైరా మేడమీది గదిలో పాఠం ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణం కావచ్చు. అట్లాంటప్పుడు రెండవ వైఫై పెట్టె కొన్నా, దానికి మొదటి పెట్టెనుంచి వార్త మళ్లీ ఆ స్లాబు గుండానే రావాలి.

ఇల్లు దాటి ఊరి సంగతి చూస్తే, తెలుగు నేల మీద ఇదే ప్రశ్న కోట్ల ప్రజలకు సంబంధించినదై నిలిచింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద సుమారు 23,800 కిలోమీటర్ల గాజు పోగును వ్రేలాడదీసింది. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో మొదలైన ఈ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ లాంఛనంగా ప్రారంభించారు. కరెంటు తీగ చేయలేని పనికి కరెంటు స్తంభం అక్కరకు వచ్చింది! గాజులో పోయేది కాంతి కాబట్టి పక్కనున్న కరెంటు దానిని బాధించదు. తుఫాను గాలికి మాత్రం స్తంభమూ పోగూ కలిసే కూలుతాయి. తెలంగాణ వేరొక దారి పట్టింది. మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం త్రవ్విన కందకాలలోనే టీ-ఫైబర్ గొట్టాలను కూడ పరిచారు. త్రవ్వకం ఖర్చు కలిసివచ్చింది గాని, ఇంటింటికి చేర్చడం ఆలస్యమయింది. 2024 డిసెంబరులోగాని కొన్ని గ్రామాలలో ప్రయోగాత్మకంగా సేవలు మొదలు కాలేదు.

ఆ ఆలస్యం విలువ 2020లో తెలిసింది. బడులు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా పాఠాలు చెప్పించింది. ఏన్కూరు, జూలూరుపాడు దాటి భద్రాచలం అడవుల వైపు పోయినకొద్దీ సెల్‌ఫోను టవర్లు పలుచబడతాయి. అక్కడి పిల్లలకు ఉపగ్రహంనుంచి వచ్చే టెలివిజనే దిక్కయింది. ఐతే టెలివిజన్ పాఠం చెబుతుంది గాని, పిల్లవాని సందేహం వినదు.

ఇక వైరా గృహస్థునికి చెప్పవలసినది: మేడమీదికి ఒక ఈథర్నెట్ తీగ వేయించి, దాని చివర రెండవ వైఫై పెట్టె పెట్టుకోవడం మేలు. గోడ తొలచడానికి వీలులేని అద్దె ఇంటిలో కరెంటు తీగ అడాప్టర్లను ప్రయత్నించవచ్చు. పని చేయకపోతే తిరిగి తీసుకొంటానన్న దుకాణంలోనే కొనాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాక గోడ ప్లగ్గుకే వాటిని తగిలించాలి. ఇల్లు ఇంకా కట్టుబడిలోనే ఉంటే, ప్లాస్టరింగు కాకముందే గదిగదికి ఒక ఖాళీ గొట్టాన్ని, కరెంటు గొట్టానికి దూరంగా, గోడలో పెట్టించడానికి అయ్యే ఖర్చు స్వల్పం.