ఇంటి గోడ దాటలేని నగర వైఫై

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2004లో మేయర్ జాన్ స్ట్రీట్ హయాంలో రూపుదిద్దుకున్న నగరవ్యాప్త వైఫై పథకం, పేదల ఇళ్లకు చౌకగా ఇంటర్నెట్ అందించాలన్న ఉన్నతాశయంతో పుట్టింది. వీధి దీపస్తంభాలపై అమర్చిన చిన్న రేడియో పరికరాలు సంకేతాన్ని ఒకదాని నుంచి మరొకదానికి చేరవేసే ఈ ‘మెష్’ విధానం వీధుల్లో బాగానే పనిచేసినా, తక్కువ శక్తి గల ఆ సంకేతం ఇటుక గోడలు దాటేసరికి క్షీణించేది. గృహస్థులు దాన్ని గ్రహించే ప్రత్యేక పరికరాన్ని ఇంట్లో పెట్టుకోవలసి వచ్చేది. చందాదారులు తగినంతగా చేరక, నిర్మాణ వ్యయం భరించిన ఎర్త్‌లింక్ సంస్థ 2008లో వైదొలగింది. అమెరికాలోనే మరో నగరమైన మినియాపొలిస్ మాత్రం మరింత వివేకంతో, తానే ప్రధాన వినియోగదారుగా ఏటా రుసుము చెల్లించేందుకు ఒప్పుకోవడం వల్ల, కేవలం గృహ చందాలపై ఆధారపడని అక్కడి వైఫై వ్యవస్థ నిలదొక్కుకుంది; 2007 ఆగస్టు 1న మిసిసిపీ నదిపై వంతెన కూలినప్పుడు సహాయక బృందాలకు అక్కరకొచ్చింది.