బిల్లు ఎవరి పేరున?

పరిశోధన చేసినవారే దాన్ని ప్రచురించుకోవడానికి డబ్బు కట్టడం ఇంటర్నెట్‌తో వచ్చిన ఆచారమని చాలామంది అనుకుంటారు. కానీ అమెరికాలో ‘ఫిజికల్ రివ్యూ’ అనే భౌతికశాస్త్ర పత్రిక 1930లోనే పేజీకి 2 డాలర్ల చొప్పున వసూలు మొదలుపెట్టింది. ఆ బిల్లు వెళ్లేది రచయితకు కాదు, ఆయన పనిచేసే సంస్థకు. 1961లో అక్కడి ప్రభుత్వం పరిశోధన గ్రాంటులోంచి ఈ ఖర్చు పెట్టుకోవచ్చంది.

2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన పరిశోధన పత్రాలు అందరికీ ఉచితంగా దొరకాలని కోరింది. మరి ఖర్చు? ప్రచురణ సంస్థ బయోమెడ్ సెంట్రల్ అదే ఏడాది పేపరుకు 500 డాలర్లు అడిగింది. 2003లో ‘ప్లాస్ బయాలజీ’ పత్రిక 1,500 అంది. 2004లో మరో ప్రచురణ సంస్థ స్ప్రింగర్ 3,000 డాలర్లు కడితే చందా జర్నల్లోనే ఆ ఒక్క పేపరును అందరికీ తెరుస్తామంది. చిక్కు మొదలైంది ఇక్కడే. యూనివర్సిటీ లైబ్రరీ చందా కడుతూనే ఉంది, అదే యూనివర్సిటీ ప్రొఫెసరు తన గ్రాంటులోంచి రుసుమూ కడుతున్నారు. రెండూ కలిపి ఎంతవుతోందో లెక్క చూసే మనిషి లేడు.

బ్రిటన్ మాత్రం, పరిశోధన పత్రాలను అందరికీ తెరవడంపై 2012లో వచ్చిన ఫించ్ నివేదిక తర్వాత, 2013 ఏప్రిల్ నుంచి, యూనివర్సిటీలకు ఈ రుసుముల పేరున విడిగా నిధులిచ్చింది. ఏ పేపరుకు అర్హత ఉంది, ఏ లైసెన్సు, ఇన్‌వాయిస్ వచ్చిందా, మిగిలిందెంత అన్న పని లైబ్రరీ సిబ్బంది నెత్తిన పడింది. జర్మనీ ఇంకో అడుగు వేసింది. 2019లో అక్కడి విద్యా, పరిశోధన సంస్థల తరఫున ‘డీల్’ కూటమి ప్రచురణ సంస్థ వైలీతో ఒప్పందం చేసుకుని పేపరుకు 2,750 యూరోలు ఖాయం చేసింది. రచయిత బిల్లు మొహమే చూడనక్కర్లేదు. సౌకర్యమే, కాదనను. కానీ ధర తెలియని రచయిత చౌక జర్నల్ వెతుక్కోడు. 2020లో ‘నేచర్’ 9,500 యూరోల రుసుము ప్రకటించగలిగిందంటే, కట్టే చెయ్యి వేరు, రాసే చెయ్యి వేరు కావడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

మన దేశంలో వేరే దారి కూడా ఉండేది. ముంబయి మెడ్‌నో సంస్థ, రచయిత దగ్గర రుసుము తీసుకోకుండానే ఎన్నో వైద్య జర్నళ్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 2011లో దాన్ని విదేశీ ప్రచురణ సంస్థ వోల్టర్స్ క్లువర్ కొనేసింది. రుసుము వ్యాపారంలోని చీకటి కోణానికి మన హైదరాబాదే సాక్షి. ఇక్కడి ఓమిక్స్ సంస్థ రుసుముల సంగతి ముందు చెప్పకుండా రచయితలను మోసగించిందని అమెరికా వాణిజ్య కమిషన్ కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం విద్యాసంస్థలన్నిటి తరఫున జర్నళ్లకు ఒకే చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. దానిలో భాగంగా అందరికీ ఉచితంగా దొరికే మంచి (ఓపెన్ యాక్సెస్) జర్నళ్లలో ప్రచురించే రచయితల కోసం ఏటా 150 కోట్ల నిధి ఉంటుందన్నారు. విదేశాల్లోనేమో, 2025 నుంచి ఈ రుసుములు కట్టబోమని గేట్స్ ఫౌండేషన్ చేతులు దులుపుకుంది. ఆ 150 కోట్లలో కొంతైనా రచయిత దగ్గర పైసా తీసుకోని దేశీయ జర్నళ్ల నిర్వహణకు ఇవ్వాలి. యూనివర్సిటీలు తమ వాళ్ల ప్రతి పేపరుకూ ఎవరు ఎంత కట్టారో ఏటా బయటపెట్టాలి.